గురువు వద్దన్న బోధకుడు: జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనపై ఒక విమర్శ

కిందటి పాఠంలో మీరు కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ (1914) గురించి చదివారు. లక్షణగ్రంథాల కొలతలతోనే కావ్యాన్ని కొలవాలన్న అలవాటును ఆ పుస్తకం ఎలా కదిలించిందో చూశారు. ఈ పాఠంలో ఆ ప్రాంతానికే చెందిన మరొకరిని పరిశీలిద్దాం. ఆయన కవి కాదు, సాహిత్య విమర్శకుడూ కాదు. మదనపల్లెలో పుట్టి, ప్రపంచమంతా తిరిగి, ఎవరినీ అనుసరించవద్దని అరవై ఏళ్లపాటు చెప్పిన జిడ్డు కృష్ణమూర్తి (1895–1986). 1929లో హాలెండులోని ఓమెన్‌లో ఆయన చేసిన ప్రసంగం మనకు ప్రధాన పాఠ్యం. నలుగురూ నడిచే దారి వదిలి వేరుగా ఆలోచించడం నేర్చుకోవచ్చా, దాన్ని ఒకరు మరొకరికి నేర్పవచ్చా అన్నది మన ప్రశ్న.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అంటే సదుం, పుంగనూరు, మదనపల్లె వైపు ఉండి మీరు ఈ పాఠం చదువుతున్నట్లయితే, కృష్ణమూర్తి మీకు సొంత ఊరి మనిషి. సొంత ఊరి మనిషి గురించి రాసేటప్పుడు విమర్శ వ్యాసం కాస్తా సన్మానపత్రం అయిపోతుంది. అటువంటి వ్యాసాలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. ఇది ఆ కోవలోది కాదు.

బుద్ధిమంతుడు అంటే ఎవరు?

ముందు మన భాషను చూద్దాం. ‘బుద్ధి’ అంటే ఆలోచించే శక్తి. కానీ పిల్లవాణ్ణి ‘బుద్ధిగా కూర్చో’ అన్నామంటే, కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమని అర్థం. ‘బుద్ధిమంతుడు’ అంటే చెప్పిన మాట వినేవాడు. ‘బుద్ధి చెప్పడం’ అంటే మందలించడం, ఒక్కోసారి కొట్టడం కూడా. ఆలోచనకు పెట్టుకున్న పేరునే అణకువకు కూడా పెట్టుకున్నాం. నిజంగా ఆలోచించేవాడికి వేరే మాటలున్నాయి: ‘తెలివి మీరినవాడు’, ‘పెడసరం మనిషి’, ‘ఎదురు ప్రశ్నలు వేసేవాడు’. వీటిలో ఒక్కటీ మెచ్చుకోలు కాదు.

‘సంస్కారం’ అనే మాట సంగతి ఇంకా ఆసక్తికరం. మనసు మీద పాత అనుభవాలు, ఆచారాలు వేసిన ముద్రలనూ సంస్కారాలనే అంటాం. మర్యాద, పెంపకం ఉన్న మనిషినీ సంస్కారవంతుడు అంటాం. కులం, మతం, దేశం, బడి, ఇల్లు మనసును ఒక అచ్చులో పోస్తాయని కృష్ణమూర్తి పదేపదే చెప్పారు. ఆ అచ్చును గుర్తించడమే స్వేచ్ఛకు మొదలు అన్నారు. ఆ భావాన్ని తెలుగులోకి తెచ్చేవాళ్లు ‘సంస్కారం’ అని వాడితే పాఠకుడికి అది వదిలించుకోవలసిన వస్తువుగా కనిపించదు, సంపాదించుకోవలసిన గుణంగా కనిపిస్తుంది. ‘నిబద్ధత’ అని వాడితే అదీ ఈ రోజుల్లో మెచ్చుకోలు మాటే. కృష్ణమూర్తి చిన్నప్పుడు మాట్లాడిన తెలుగును తర్వాత మరిచిపోయారు. జీవితమంతా ఇంగ్లీషులోనే మాట్లాడారు. అందువల్ల మనం చదివే తెలుగు కృష్ణమూర్తి అనువాదకుల కృష్ణమూర్తే. తన భాషలోనే అనుసరణ ఎంత లోతుగా పాతుకుపోయిందో ఆయనకు తెలిసే అవకాశం తప్పిపోయిందని నాకనిపిస్తుంది. తెలిసి ఉంటే ‘బుద్ధిమంతుడు’ అనే ఒక్క మాట మీదే ఆయన ఒక పూట ప్రసంగించి ఉండేవారు.

మదనపల్లె నుంచి ఓమెన్ దాకా

జీవిత విశేషాలను మన చర్చకు అవసరమైనంత వరకే చూద్దాం. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. కృష్ణమూర్తి ఎనిమిదో సంతానం. ఎనిమిదో సంతానానికి కృష్ణుడి పేరు పెట్టడమే ఒక ఆచారమని గమనించండి. తల్లి సంజీవమ్మ 1905లో మరణించారు. ఉద్యోగ విరమణ తర్వాత నారాయణయ్య 1909లో కొడుకులతో మద్రాసు దగ్గరి అడయారుకు, సమాజ ప్రధాన కార్యాలయానికి చేరారు. అప్పటికి ఈ పిల్లవాడు బడిలో మందబుద్ధిగా పేరుపడ్డాడు. పాఠం ఒప్పజెప్పలేక దెబ్బలు తినేవాడు. బడి లెక్క ప్రకారం బుద్ధిలేనివాడు.

ఆ సంవత్సరమే అడయారు సముద్రతీరాన లెడ్‌బీటర్ అనే సమాజ ప్రముఖుడు ఈ బాలుణ్ణి చూసి, రాబోయే జగద్గురువుకు ఇతడే తగిన పాత్ర అని ప్రకటించాడు. అనీ బిసెంట్ ఆ మాట నమ్మి, అన్నదమ్ములిద్దరినీ, కృష్ణమూర్తినీ నిత్యానందనూ, తన సంరక్షణలోకి తీసుకున్నారు. 1911లో ఈ బాలుడి పేరు మీద ‘తూర్పు తార సంఘం’ ఏర్పడింది. పిల్లలను తిరిగి ఇప్పించమని తండ్రి కోర్టుకెక్కాడు. 1913లో మద్రాసు హైకోర్టు తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చింది. 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాన్ని బిసెంట్‌కు అనుకూలంగా మార్చింది. ఈ వ్యవహారమంతటిలో ఆ పిల్లవాడు ఏమనుకున్నాడని అడిగినవాళ్లు తక్కువ. తండ్రి ఒక పాత్ర ఇచ్చాడు, సమాజం ఇంకో పాత్ర ఇచ్చింది. బడిలో బెత్తంతో జరిగిన పనే ఇక్కడ పట్టుబట్టలతో, పూలదండలతో జరిగింది.

1925 నవంబరులో తమ్ముడు నిత్యానంద కాలిఫోర్నియాలో క్షయతో మరణించాడు. అప్పుడు కృష్ణమూర్తి భారతదేశానికి వచ్చే ఓడలో ఉన్నారు. ఈ మహాకార్యానికి తమ్ముడు అవసరం, అతనికి ఏమీ కాదు అని పెద్దలు ఇచ్చిన హామీ మీద ఆయనకు నమ్మకం ఉండేది. అది కూలిపోయింది. నాలుగేళ్ల తర్వాత, 1929 ఆగస్టు 3న, ఓమెన్ శిబిరంలో దాదాపు మూడు వేల మంది సభ్యుల ముందు, బిసెంట్ కూర్చుని వింటుండగా, తాను అధిపతిగా ఉన్న సంఘాన్ని రద్దు చేస్తున్నానని ప్రకటించారు. సంఘానికి వచ్చిన కోట, భూములు ఇచ్చినవారికి తిరిగి వెళ్లాయి. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపించవచ్చు. మాటల్లో పీఠం వదిలి, పీఠం కింద ఉన్న ఆస్తిని అట్టిపెట్టుకున్నవాళ్లు చరిత్రలో ఎందరో ఉన్నారు కాబట్టి నేను దీన్ని చిన్న విషయం అనుకోను.

ఆ ప్రసంగాన్ని చదవడం

ఓమెన్ ప్రసంగం చాలా చిన్నది. వాదన కూడా సూటిగా ఉంటుంది. సత్యానికి ఫలానా బాట అంటూ ఉండదు. ఏ మతమూ, ఏ సంఘమూ మనిషిని అక్కడికి తీసుకుపోలేదు. సత్యాన్ని సంఘంగా కడితే అది ప్రాణం లేని సిద్ధాంతమవుతుంది, కట్టినవాళ్లకు ఊతకర్ర అవుతుంది. నాకు శిష్యులు వద్దు. మనుషులను నిబంధనలు లేకుండా స్వేచ్ఛగా నిలబెట్టడమొక్కటే నా పని. సారాంశం ఇంతే.

ఈ వాదనను ఆయన ఒక సైతాను కథతో మొదలుపెడతారు. సైతాను, అతని స్నేహితుడు దారిన పోతుంటే ముందు నడుస్తున్న మనిషి నేల మీద నుంచి ఏదో ఏరుకుని జేబులో వేసుకుంటాడు. అది సత్యపు ముక్క అని తెలిసి స్నేహితుడు ‘నీ పని అయిపోయినట్టే’ అని కంగారుపడతాడు. సైతాను మాత్రం నిశ్చింతగా ఉంటాడు. ఆ ముక్కతో ఆ మనిషి చేత ఒక సంస్థ పెట్టించబోతున్నాడు మరి. జగద్గురువు వచ్చాడని నమ్మి దేశదేశాల నుంచి వచ్చి కూర్చున్నవాళ్ల ముందు మొదట చెప్పిన కథ ఇది. ఉపన్యాసకుడిగా ఆయన ధైర్యం ఇక్కడే తెలుస్తుంది. వ్యంగ్యం వినేవాళ్ల మీదనే కాదు, చెప్పేవాడి మీద కూడా. సత్యపు ముక్క జేబులో వేసుకున్న మనిషిగా తనను తానే ఆ కథలో నిలబెట్టుకున్నారు.

ఇక విమర్శకుడిగా మీరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. సంఘాన్ని రద్దు చేసే అధికారం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? అధిపతిగా వచ్చింది. సభ్యులను అడగలేదు, ఓటు పెట్టలేదు. తన మాటకున్న గురుత్వంతోనే గురుత్వాన్ని తీసేశారు. ‘నన్ను అనుసరించకండి’ అన్నది గురువు నోటి మాటైతే, దాన్ని పాటించిన శిష్యుడు అనుసరించినట్టా, మానినట్టా? ఈ చిక్కు ఆయన జీవితాంతం వెంటాడింది. తర్వాతి ప్రసంగాల్లో ‘నేను’ అనే మాట తగ్గించి, తనను ‘వక్త’ అని చెప్పుకున్నారు. నా మాట నమ్మకండి, మీలో మీరే చూసుకోండి అని మాటిమాటికీ హెచ్చరించారు. అయినా వేల మంది నిశ్శబ్దంగా వచ్చి, కింద కూర్చుని, తల పంకించి వెళ్లేవారు. 1968 తర్వాత ఆయన పేరు మీద ఇంగ్లండులో, భారతదేశంలో, అమెరికాలో ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. వాటికి ఆధ్యాత్మిక అధికారం ఏదీ లేదని, తన బోధను వ్యాఖ్యానించే హక్కు ఎవరికీ లేదని ఆయన స్పష్టం చేశారు. పుస్తకాలు అచ్చువేయడానికీ బడులు నడపడానికీ మాత్రం అవి కావలసి వచ్చాయి.

దీన్ని కపటం అనేవాళ్లున్నారు. నా అభిప్రాయం అది కాదు. కానీ ఓమెన్ ప్రసంగం తేల్చకుండా వదిలిన ప్రశ్న ఇది: ఒక భావం ఒకరి నుంచి ఇంకొకరికి చేరాలంటే కాగితం, గది, జీతం, రైలు టిక్కెట్టు కావాలి. సంస్థ అంటే ముందుగా ఇవే. కృష్ణమూర్తి సంస్థలోని నమ్మకాన్ని కాదన్నారు, సంస్థలోని పనిని తర్వాత ఒప్పుకున్నారు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలో 1929లో చెప్పలేదు.

పక్కవాడి పొలం

కృష్ణమూర్తి ఆలోచనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే భాగం వేరే ఉంది. అనుసరణకు ఎదురుతిరగడం స్వేచ్ఛ కాదు అని ఆయన అంటారు. ఎదురుతిరిగినవాడు కూడా తాను ఎదిరించే దాన్ని చూసుకునే నడుస్తాడు. దానికి తలకిందులుగా ఉన్న ఇంకో అచ్చులో పడతాడు.

ఇది పుస్తకం మాటలా ఉందనిపిస్తే మదనపల్లె టమాటా మార్కెట్‌ను గుర్తు చేసుకోండి. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఇదొకటి. 2023 జూలైలో ఇక్కడ కిలో ధర నూరు రూపాయలు దాటి పైకి పోయింది. ఇదే మార్కెట్‌లో కోత కూలి కూడా రాక, పంటను రోడ్డు పక్కన పారబోసిన సంవత్సరాలు ఈ ప్రాంతపు రైతులందరికీ గుర్తే. ధర పెరిగిందని తెలిసిన వెంటనే ఊరు ఊరంతా టమాటా నాటుతుంది. అందరి పంటా ఒకేసారి దిగుతుంది, ధర పడిపోతుంది. దీన్ని గొర్రెదాటు అంటాం. ఇప్పుడు ఒక తెలివైన రైతు ‘అందరూ నాటుతున్నారు కాబట్టి నేను నాటను’ అనుకున్నాడనుకోండి. ఆయన గొర్రెదాటు నుంచి బయటపడ్డట్టేనా? ఒక లెక్కన బయటపడ్డాడు. కానీ ఆయన కూడా పక్కపొలం చూసే తన పొలం గురించి నిర్ణయించాడు. తన బోరులో నీళ్లెన్ని, తన నేల ఏమి ఇస్తుంది, తన అప్పు ఎంత, ఈ ఏడు ఇంట్లో ఎంతమంది పనికి వస్తారు అని చూసి, ఆ తర్వాత టమాటానే నాటినా సరే, అతనిది వేరుగా చేసిన ఆలోచన. పైకి చూస్తే నలుగురిలాగే కనిపిస్తాడు.

కృష్ణమూర్తి చెప్పిన ‘వేరు’ ఫలితంలో ఉండదు, చూసే తీరులో ఉంటుంది. ఈ ఒక్క విషయం పట్టుబడితే చాలా తప్పుడు అర్థాలు తొలగిపోతాయి. రోడ్డుకు ఎడమవైపు నడపడం, అక్షరదోషాలు లేకుండా రాయడం, టిక్కెట్టు కోసం వరుసలో నిలబడడం ఆయన దృష్టిలో అనుసరణ సమస్యలు కావు. భయం వల్ల, పోలిక వల్ల, ఎవరి మెప్పో కావాలన్న ఆరాటం వల్ల మనసు ఒక నమూనాకు ఒదగడమే ఆయన పట్టించుకున్న సమస్య.

మన సాహిత్య విమర్శకూ ఇది వర్తిస్తుంది. కట్టమంచి పాత లక్షణకారుల అధికారాన్ని ప్రశ్నించారు. ఆయన తర్వాత వచ్చిన విమర్శకుల్లో కొందరు ఆ ప్రశ్నించే పద్ధతిని వదిలేసి, లక్షణకారుల పేర్లు ఉండే చోట ఇంగ్లీషు విమర్శకుల పేర్లు పెట్టుకున్నారు. పీఠం అలాగే ఉంది, కూర్చున్నవాళ్లు మారారు. మీరు ఏ విమర్శ వ్యాసం చదివినా, పెద్ద పేరు వచ్చిన చోటల్లా ఆ పేరు తీసేసి వాక్యాన్ని మళ్లీ చదవండి. వాదన నిలబడిందా?

ఒంటరిగా నిలబడగలిగేది ఎవరు?

ఇప్పుడు కృష్ణమూర్తి మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరానికి వస్తాను. ఆయన ప్రసంగాల్లోని శ్రోత ఎప్పుడూ ఒంటరి మనిషి. అతనికి కులం పేరు లేదు, అప్పు లేదు, ఊళ్లో పెళ్లికెదిగిన చెల్లెలు లేదు. భయాన్ని గమనిస్తే భయం కరుగుతుందని ఆయన అతనికి చెబుతారు. భయం మనసు కల్పించినదైతే ఇది నిజమే కావచ్చు. ‘నలుగురూ ఏమనుకుంటారో’ అన్న భయంలో సగం అలాంటిదే. మిగతా సగం మాత్రం అలాంటిది కాదు. మన ఊళ్లలో ‘వెలి’ అని ఒక శిక్ష ఉండేది. వెలివేసిన ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, చాకలి రాడు, చావుకు నలుగురు రారు. శవాన్ని మొయ్యడానికి నలుగురు కావాలన్నది మనసు కల్పించిన భయం కాదు.

అందుకే తెలుగునాట ఆచారాన్ని ఎదిరించినవాళ్లు ముందు మనుషులను కూడగట్టుకున్నారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆలోచన ఆయన ఒక్కరిదే కావచ్చు, పెళ్లి మాత్రం ఒక్కరి వల్ల జరగలేదు. వెంట ఆయన విద్యార్థులున్నారు, కొద్దిమంది మిత్రులున్నారు, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం ఉంది. వెలికి భయపడి చివరి నిమిషంలో తప్పుకున్నవాళ్లూ ఉన్నారు. సంఘం అనే ఊతకర్ర లేకపోతే ఆ పెళ్లి పందిరి లేచేదే కాదు.

అంబేద్కర్‌ను కృష్ణమూర్తి పక్కన పెట్టి చదివితే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఓమెన్ ప్రసంగం జరిగిన ఏడేళ్లకు, 1936లో, లాహోరులోని జాత్‌పాత్ తోడక్ మండల్ సభ కోసం అంబేద్కర్ ఒక ప్రసంగం రాసుకున్నారు. అందులోని అభిప్రాయాలు నిర్వాహకులకు మింగుడుపడక సభే రద్దయింది. అంబేద్కర్ దాన్ని సొంత ఖర్చుతో అచ్చువేశారు. అదే ‘కుల నిర్మూలన’. శాస్త్రాల అధికారాన్ని వదలకుండా కులం పోదన్నది అందులోని కీలకం. అధికారాన్ని వదలమనడంలో ఇద్దరూ ఒకే వైపు ఉన్నారు. కానీ ఇరవై ఏళ్ల తర్వాత, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నారు. కృష్ణమూర్తి లెక్కలో అది ఒక మతం వదిలి మరో మతంలో చేరడమే. మరి అక్కడ నిలబడిన మనిషికో? ఆ రోజు వరకు అతను తల వంచుకుని నడిచిన దారి అతను ఎంచుకున్నది కాదు. ఒంటరిగా పక్కకు జరిగితే అతణ్ణి కొట్టేవాళ్లున్నారు. లక్ష మందిలో ఒకడిగా జరిగాడు కాబట్టి జరగగలిగాడు. దీన్ని గుంపు మనస్తత్వం అనడానికి నాకు నోరు రాదు.

కృష్ణమూర్తి పక్షాన ఒక జవాబు ఉంది, అది కూడా వినాలి. కలిసి కదిలినవాళ్లలో ఆలోచన మళ్లీ ఆగిపోతే, కొత్త పటం పాత పటం ఉన్న మేకుకే వేలాడుతుంది. తెలుగు రాష్ట్రాల్లోని సంస్కరణ సంఘాలు, పార్టీలు, చివరకు సాహిత్య ఉద్యమాలు కూడా ఈ హెచ్చరికను నిజం చేసిన సందర్భాలు మీకు తట్టకపోవు. కాబట్టి తప్పు ఎవరిది అని తేల్చడం కంటే, ఏ ప్రశ్నకు ఎవరు జవాబు చెబుతున్నారో చూడడం మేలు. అచ్చును ఎలా గుర్తించాలి అన్నదానికి కృష్ణమూర్తి దగ్గర జవాబు ఉంది. గుర్తించిన తర్వాత ఊళ్లో ఎలా బతకాలి అన్నదానికి లేదు.

రిషీవ్యాలీ, దాని చుట్టూ ఉన్న ఊళ్లు

మదనపల్లెకు ఉత్తరాన, కొండల మధ్య ఉన్న రిషీవ్యాలీ బడి కృష్ణమూర్తి ఆలోచనకు ఆచరణ రూపం. 1926 ప్రాంతంలో అక్కడ భూమి సేకరణ మొదలైంది. తర్వాతి దశాబ్దాల్లో అది ఆవాస పాఠశాలగా నిలదొక్కుకుంది. పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చకపోవడం, ర్యాంకులు లేకపోవడం, భయపెట్టి చదివించకపోవడం అక్కడి ఆదర్శాలు. సాయంకాలం పిల్లలంతా ఏమీ చేయకుండా కూర్చుని సూర్యాస్తమయం చూసే అలవాటు ఒకటుంది. దాన్ని ‘అస్తాచల్’ అంటారు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో లేచే మన ఇంటర్ హాస్టళ్ల పక్కన దీన్ని పెట్టి చూస్తే, ‘వేరుగా’ అన్న మాటకు అర్థం వెంటనే తెలుస్తుంది.

అయితే అక్కడ బోధన ఇంగ్లీషులో. ఫీజు చుట్టుపక్కల వేరుశెనగ, టమాటా పండించే కుటుంబాలకు అందేది కాదు. చివరికి ఆ పిల్లలూ బోర్డు పరీక్ష రాయవలసిందే. పోటీ లేని పెంపకం, పోటీలో ఓడినా నష్టం లేనివాళ్లకే దొరుకుతున్నదా అన్న అనుమానం సహజం. నేను దీన్ని కొట్టిపారేయను.

కానీ అదే లోయ నుంచి వచ్చిన ఇంకో ప్రయత్నం ఉంది. విమర్శకులు దాన్ని తగినంతగా పట్టించుకోలేదు. రిషీవ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. తెలుగు మాధ్యమం, ఒక గది, ఒక టీచరు, ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలంతా కలిసి. ఇలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలలో మామూలుగా జరిగేది మీకు తెలుసు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే నాలుగు తరగతులు ఊరికే కూర్చుంటాయి. వై.ఎ.పద్మనాభరావు, ఎ.రమ దంపతులు ఇక్కడ ఒక మౌలికమైన నమ్మకాన్ని ప్రశ్నించారు. ఒకే వయసు పిల్లలు ఒకే రోజున ఒకే పేజీ చదవాలని ఎవరన్నారు?

వాళ్లు పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి చిన్న చిన్న కార్డులు చేశారు. ఒక్కో కార్డుకు ఒక గుర్తు. ఆ గుర్తులన్నీ వరుసగా ఉన్న ‘నిచ్చెన’ పటం గోడ మీద. పిల్లవాడు నిచ్చెనలో తానెక్కడున్నాడో చూసుకుని, తన కార్డు తానే తెచ్చుకుని, దాని ప్రకారం టీచరు దగ్గరో, తోటిపిల్లల దగ్గరో, ఒంటరిగానో కూర్చుంటాడు. కోతల సమయంలో పది రోజులు పొలానికి పోయిన పిల్ల, మేకలు కాయడానికి వెళ్లిన పిల్లవాడు తిరిగివచ్చి, ఆగిన కార్డు దగ్గరే మొదలుపెడతారు. మామూలు బడిలోనైతే ఆ పది రోజులు వాళ్లను ‘వెనకబడినవాళ్లు’గా మార్చేవి. ఇక్కడ వెనక, ముందు అనే మాటలకే అర్థం లేదు. ఈ పద్ధతిని చూసి వెళ్లిన ఉపాధ్యాయులు 1995లో కర్ణాటకలో ‘నలి కలి’ని మొదలుపెట్టారు. 2000ల దశకంలో చెన్నై నగరపాలక బడులు, ఆ తర్వాత తమిళనాడు అంతటా ప్రభుత్వ బడులు దీన్ని ఆధారం చేసుకున్నాయి.

ఇందులో కృష్ణమూర్తి పేరు ఎక్కడా జపించరు. ఆయన ప్రసంగాలు అయిదో తరగతి పిల్లవాడికి చెప్పరు. అయినా పోలికలో భయం ఉందన్న ఆయన వాదన, గదిలోని బల్లల అమరిక దాకా దిగివచ్చింది. తన ఆలోచనను నమ్మమని అడగకుండా, గది అమరికను మార్చడం ద్వారా పనిచేయించడం: ఓమెన్ ప్రసంగం తేల్చని చిక్కుకు నాకు తెలిసిన మంచి జవాబు ఇదే. సంస్థ ఉంది, కానీ అది పిల్లవాడి తరఫున ఆలోచించడం లేదు.

ఇక్కడా ప్రమాదం లేకపోలేదు. పద్ధతి ఒక గదిలో పుట్టి వేల బడులకు ఉత్తర్వుగా వెళ్లినప్పుడు, కార్డు దాటడమే చదువు అనుకునే టీచరు, దాటిన కార్డులు లెక్కపెట్టే అధికారి తయారవుతారు. నిచ్చెన పటం హాజరుపట్టీలాగా మారుతుంది. సైతాను నవ్వుకునేది అప్పుడే.

పరీక్షలో రాసేటప్పుడు

వేమనను గుర్తు చేసుకోండి. విగ్రహాన్ని, కులాన్ని, గురువును, యాత్రను ప్రశ్నించిన కవి. బ్రౌన్ 1829లో ఆ పద్యాలను అచ్చువేయించాడు. ఇవాళ బడిలో పిల్లలు చేతులు కట్టుకుని, ఒకే గొంతుతో, ఒకే రాగంలో ఆ పద్యాలు ఒప్పజెబుతారు. తప్పుపోతే మళ్లీ మొదటి నుంచి. ప్రశ్నించమన్న పద్యాన్ని ప్రశ్న లేకుండా నేర్పడంలో మనకున్న నైపుణ్యం ఇంతా అంతా కాదు. కృష్ణమూర్తికీ ఇదే గతి పట్టించగలం. పాత జవాబు పత్రాలు చూడండి: ‘మదనపల్లెలో జన్మించిన మహా తత్త్వవేత్త’ అని మొదలై, ‘ఆయన బోధనలు అందరికీ ఆచరణీయం’ అని ముగుస్తాయి. ఎవరినీ అనుసరించవద్దన్న మనిషిని అందరూ అనుసరించాలని రాసిన ఆ వాక్యంలోని తమాషా రాసినవాళ్లకు కనిపించినట్టు లేదు.

ఈ యూనిట్ మీద వచ్చే ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఓమెన్ ప్రసంగం సారాన్ని ఒక పేరాలో ముగించండి. మిగతా జాగాలో ఒక్క అభ్యంతరమైనా లేవదీయండి. అది నేను పైన చెప్పినదే కానక్కరలేదు. అంబేద్కర్ గురించి నేను చేసిన పోలికలో లోపం ఉందనుకుంటే అదే రాయండి. మీ ఊళ్లో ఒక ఆచారాన్ని వదిలిన కుటుంబం ఏదైనా ఉంటే, వాళ్లు ఒంటరిగా వదిలారా, ఎవరి అండ చూసుకుని వదిలారా, వదిలిన తర్వాత వాళ్లింటి శుభకార్యానికి ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది వాళ్లనే అడిగి తెలుసుకుని, పేర్లు లేకుండా అరపేజీ రాసి, అసైన్‌మెంట్‌తో జతచేయండి. కాంటాక్ట్ తరగతిలో ముందు వాటినే చదువుదాం.